ఊది కొన్న పేస్టు

మా మరిది వరాఛా పేటలో వజ్రాలు సానబట్టేవాడు. వజ్రం మీద నోటి ఆవిరి ఊదితే క్షణంలో మాయమవుతుందట, గాజు మీదైతే కాసేపు నిలుస్తుందట. అంత గొప్ప విద్యను వజ్రాలకే వాడి ఊరుకుంటే ఎలా? గోడాదరాలో మా ఇంటికొస్తే మంచినీళ్ల గ్లాసు మీదా ఊదేవాడు, నా ముక్కుపుడక మీదా ఊదేవాడు.

ఒకనాడు మా కోడలు చీరల డిజైన్లు వేసే కంప్యూటర్ వేడెక్కి ఆగిపోసాగింది. లోపల ప్రాసెసర్‌కు వేడెక్కకుండా రాసిన పేస్టు ఎండిపోయిందట. సాయంత్రం ఆరులోగా డిజైను అందకపోతే సేటు ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. కొత్త పేస్టు తెస్తానని మరిది బయలుదేరాడు. దుకాణంలోని రకాలన్నీ గాజుముక్క మీద రాయించి, ఒక్కొక్కదాని మీద ఊది, రెండు గంటల తర్వాత తిరిగొచ్చాడు.

"జర జల్ది చెయ్యి మామా," అంది కోడలు.

"ఆగు బిడ్డా, గిది హీరాలు సానబట్టే పని లెక్క."

భూతద్దంలో చూస్తూ ప్రాసెసర్ నడుమ శనగగింజంత చుక్క పెట్టాడు. చుక్క నిజంగానే ముద్దొచ్చింది. దాన్ని చల్లబరిచే ఫ్యాను పైన బిగించాడు. పది నిమిషాల్లో కంప్యూటర్ మళ్లీ ఆగింది. అంత చూపున్న మనిషి ఫ్యాను తీగ కలపడం మరిచాడు! ఆయన నీళ్లు తాగడానికి లేచినప్పుడు కోడలు చప్పుడు చేయకుండా తీగ తగిలించింది. గడువులోపే డిజైను పంపేసింది.

"చూసినవా వదినా! అంతా పేస్టు ఎంచుకునుట్లనే ఉన్నది," అన్నాడు మరిది.

తీగ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను.

"అత్తమ్మా, ముందుగాల మామకు చాయ్ పొయ్యి," అంది కోడలు.

కప్పు నిండా పోశాను.