ఉడకబెట్టిన ప్యాడ్లు

ఆ రోజుల్లో నాకు శుద్ధి గురించి చాలా గట్టి అభిప్రాయాలు ఉండేవి. పందొమ్మిదేళ్ల వయసు, సండే స్కూల్లో బైబిల్ వాక్యాలు కంఠతా చెప్పి గెలుచుకున్న ఆరు స్టీలు గ్లాసులు, వీటితోనే లోకాన్ని బాగుచేయడానికి బయలుదేరినవాణ్ణి. మా సంఘంలో ఆదివారం అంటే తెల్లబట్టలే. శనివారం సాయంత్రం మా అమ్మ పెద్ద గంజు గిన్నెలో నీళ్లు కాచి, బట్టల సోడా వేసి, ఆ తెల్లబట్టలన్నీ కుతకుతా ఉడకబెట్టేది. (భయపెడితే తప్ప మురికి వదలదని ఆమె నమ్మకం. నా పెంపకంలోనూ అదే పద్ధతి వాడింది.) వేడి తగలనిదే ఏదీ శుద్ధి కాదని నేనూ నమ్మాను. అగ్నిలో పుటం వేసిన బంగారం గురించి విన్న ప్రసంగాలు ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిచేశాయి.

అప్పుడే సాతంరాయి దగ్గర, విమానాశ్రయానికి పోయే బెంగళూరు రోడ్డు పక్కన, కార్లకు పాలిష్ పెట్టే షెడ్డులో పనికి చేరాను. యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. పాతబస్తీ మనిషి, ఐదు పూటలా నమాజు చేసేవాడు, కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి జ్వరం చూసినట్టు చూసేవాడు. నన్ను పాలిష్ మెషిన్ ముట్టనిచ్చేవాడు కాదు. దానికి తగిలించే గుండ్రటి స్పాంజి ప్యాడ్లు, మైనం పూసే చిన్న స్పాంజి బిళ్లలు కడగడం నా పని. అందుకు ఆయన దగ్గర ఒక శాస్త్రమే ఉండేది. గీతలు తీసే మందు పట్టిన ప్యాడ్లకు ఒక బకెట్, మైనం బిళ్లలకు ఇంకొకటి, ఆ రెండూ కలవకూడదు. చల్లటి నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్. "పిండొద్దు బేటా, జర నొక్కు. పసిపిల్ల చెంప అనుకో," అనేవాడు. ఆరబెట్టేటప్పుడు స్పాంజి కిందికి, వెనక జిగురుతో అతికించిన గరుకు పట్టీ పైకి ఉండాలి. ఒక్కోదానికి పావుగంట పట్టేది. ఇదంతా పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

నాకు కావలసింది ఒక్కటే, ఆదివారం. షెడ్డుకు గిరాకీ ఎక్కువగా ఉండేదీ ఆ రోజే. (వారమంతా విమానాల్లో తిరిగేవాళ్లకు సొంత కారు మీద ప్రేమ ఆదివారమే పుడుతుంది.) ఇంతలో మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, రాబోయే ఆదివారం సంఘం ముందు సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు నాకు చేసిన మేలు చెప్పమన్నారు. అదే నా మొదటి సాక్ష్యం. ధైర్యంగా అడిగితే దేవుడు యజమాని మనసు మెత్తబరిచి నాకు సెలవు ఎలా ఇప్పించాడో చెప్తానని మాటిచ్చేశాను. అడగడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

శుక్రవారం నమాజు నుంచి ఉస్తాద్ తిరిగి రాగానే అడిగేశాను. ఆయన టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను జుమ్మాకు పోత. నువ్వు నీ ప్రార్థనకు పోతనంటే వద్దంటనా? పో. గని ఆదివారం పొద్దుగాల ఒక నల్ల కారు వస్తది, మధ్యాహ్నానికి ఇయ్యాలె. ఎనిమిది ప్యాడ్లు, నాలుగు బిళ్లలు ఏడింటికల్లా కడిగి నా చేతుల పెట్టు. ఇగ నీ ఇష్టం."

శనివారం చీకటి పడేదాకా పనే సరిపోయింది. మొత్తం పన్నెండు ముక్కలకూ పావుగంట చొప్పున మూడు గంటలు కావాలి, సాక్ష్యమేమో ఇంకా తయారు కాలేదు. అన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ అప్పుడే బట్టలు తీసి ఆరేయడానికి వెళ్లింది. పొయ్యి మీద గంజులో సోడా నీళ్లు ఇంకా మరుగుతున్నాయి. దేవుడు ఇంతకంటే స్పష్టంగా ఎవరికి దారి చూపిస్తాడు? ప్యాడ్లు, బిళ్లలు అన్నీ కలిపి అందులో పడేశాను. చిన్న ప్రార్థన కూడా చేశాను. మైనం కరిగి పాయా పులుసు మీద నూనెలా పైకి తేలింది. అమ్మ వచ్చి ముక్కు మూసుకుంది. "ఏందిరా గిది? నా గంజు ఖరాబైతే నిన్ను గూడ గిండ్లనే ఉడకబెడుత!"

ఆదివారం ఏడింటికి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, జేబులో సాక్ష్యం రాసుకున్న కాగితంతో షెడ్డుకు వెళ్లి ప్యాడ్లు అప్పగించాను. కొత్తవాటిలా ఉన్నాయి. "మాషా అల్లా!" అన్నాడు ఉస్తాద్. ఆ మెప్పు చెవుల్లో మోగుతుండగా గేటు వైపు తిరిగాను. ఆయనకొక అలవాటు ఉండేది. కారుకు ఆనించే ముందు బిస్మిల్లా అని మెషిన్‌ను ఒకసారి గాలిలో తిప్పేవాడు. ఆ రోజూ అలాగే తిప్పాడు. జిగురు వదిలి స్పాంజి ఊడి, దోశలా గిరగిరా తిరుగుతూ పోయి, ఆయన చాయ్ గ్లాసును పడగొట్టి ఆగింది. మెషిన్‌కు గరుకు పట్టీ ఒక్కటే మిగిలింది. (అది ఆ నల్ల బానెట్‌కు తగిలి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను.) రెండోదీ ఎగిరింది. మూడోది సగం ఊడి నాలుకలా వేలాడింది.

"ఏం జేసినవ్‌రా?"

"ఉడకబెట్టిన ఉస్తాద్."

ఆయన ఊడిన స్పాంజిని ఎత్తి వాసన చూశాడు. "ఉప్పు, కారం ఏసినవా?"

"సోడా ఏసిన."

"బిళ్లలు గూడనా?"

"అన్నీ కలిపి."

ఉస్తాద్ నిట్టూర్చి, అలమరలోంచి మందు ఎండి చెక్కలా బిగుసుకుపోయిన రెండు పాత ప్యాడ్లు తీశాడు. "ఇవి మంచిగ కడిగితె పని నడుస్తది. మైనానికి మెత్తటి బట్ట ఉంది. నువ్వు పో. ఏడింటికి చేతుల పెట్టమన్న, పెట్టినవ్. మాట మాటే."

తిట్టి ఉంటే హాయిగా వెళ్లిపోయేవాణ్ణి. గేటు దాకా వెళ్లి జేబులో కాగితం తడుముకున్నాను. యజమాని మనసు మెత్తబడిన సంగతి అందులో చాలా బాగా రాశాను. ఆ మనసు నిజంగానే మెత్తబడి ఉంది, చాయ్ ఒలికిన నేల మీద వంగి బకెట్‌లో నీళ్లు పట్టుకుంటోంది. వెనక్కి వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, బకెట్ లాక్కున్నాను. చల్లటి నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్. నీళ్లు మొదట పాలలా, తర్వాత పలుచటి మజ్జిగలా వచ్చాయి, చివరికి తేటగా వచ్చాయి. నొక్కాను, పిండలేదు. ఎండిన మందంతా వదిలేసరికి రెండు గంటలు దాటింది. ఉస్తాద్ ఒకటి తీసుకుని చెంపకు ఆనించుకున్నాడు. "ఇగ ఉరుకు," అన్నాడు.

నేను చేరేసరికి ప్రసంగం కూడా అయిపోయింది. చొక్కా నిండా మరకలే. అయినా అయ్యగారు పిలిచారు. కాగితం తీయలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. గంజు దగ్గరికి వచ్చేసరికి అమ్మ కొంగును ముక్కు దాకా లాక్కుంది. ఉప్పు కారం దగ్గర సంఘపెద్ద ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయ్యగారు అతి కష్టం మీద ఆమేన్ అన్నారు.

సోమవారం భయపడుతూ పనికి వెళ్లాను. "వచ్చే ఆదివారం గూడ పో బేటా," అన్నాడు ఉస్తాద్, "గని శనివారం ప్యాడ్లు నేనే కడుగుత."

అప్పుడు సిగ్గుతో నేల చూశాను. కానీ ఆయన అన్నంత పనీ చేశాడు, నేనక్కడ ఉన్న రెండేళ్లూ. ప్రతి వారం మందిరంలో నిలబడి, నాకు ఆదివారం ఇచ్చిన దేవునికి స్తోత్రం చెప్పేవాణ్ణి. ఆ స్తోత్రం నిజమే, ఇప్పటికీ చెప్తాను. నేను మోకాళ్ల మీద అడిగినదానికి శనివారం సాయంత్రం ఒక మనిషి మోచేతుల దాకా తడిసి జవాబిచ్చేవాడు. అది గుర్తించడానికి మాత్రం ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడికి చాలా ఆదివారాలు పట్టింది.