పైడమ్మ వెయ్యని వేలిముద్ర

జేసీబీ చప్పుడు చెవిన పడగానే పైడమ్మ పొయ్యి మీది అన్నం అలాగే వదిలేసి తోటకు పరుగెత్తింది. అప్పటికే రెండు జీడిచెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. యంత్రం మూడో చెట్టు మొదట్లో మట్టి పెకలిస్తోంది.

"ఆపండి బాబూ! నా తోటలో మీరేటి సేత్తన్నారు?"

జీపు పక్కన నిలబడ్డ అధికారి తల తిప్పాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లున్నారు.

"ఇది గోదాములకు తీసుకున్న భూమి. ఇస్తానని నువ్వే రాసిచ్చావు కదమ్మా."

పైడమ్మ ఎవరికీ ఏమీ రాసివ్వలేదు. ఎనభై సెంట్ల ఆ తోట మొగుడు పెంటయ్య పెంచింది. ఎనిమిదేళ్ల కిందట కిడ్నీ జబ్బుతో అతను పోయాక, ఆ చెట్ల కాపూ, పలాసలో జీడిపిక్కలు కొట్టే పనీ కలిసి ఆమెను నిలబెట్టాయి. గోదాముల కోసం భూములు కూడగట్టే బ్రోకరు రెండుసార్లు వచ్చి అడిగాడు. రెండుసార్లూ ఇవ్వనంది. చుట్టుపక్కల వాళ్లు మాత్రం భయపడి ఒప్పుకున్నారు.

"ఏదీ ఆ కాయితం? సూపించండి."

అధికారి విసుగ్గా ఫైలు తెరిచాడు. ఆమె పేరు కింద నల్లటి వేలిముద్ర ఉంది. పైడమ్మ దాన్ని చూసి నిటారుగా నిలబడింది.

"ఇది నాది కాదు. నాను సంతకం ఎడతాను."

పిక్కల నూనెకు ఆమె వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషను దుకాణంలో మిషను ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసింది. అందుకే నలభయ్యో ఏట అక్షరాలు దిద్దింది. ఆ తర్వాత పొదుపు సంఘంలోనైనా, పింఛను దగ్గరైనా సంతకమే. ఆ మాటే చెప్పి రెండు చేతులూ చాచి చూపింది.

అధికారి ఆ చేతుల వంక చూసి ఫైలు మూశాడు. వెంటనే, "అదంతా కోర్టులో చెప్పుకో" అని డ్రైవరుకు సైగ చేశాడు. యంత్రం మళ్లీ గర్జించింది. కానిస్టేబులు రెక్క పట్టుకోబోయాడు. పైడమ్మ విదిలించుకుని మూడో చెట్టు మొదట్లో కూలబడింది.

"నన్ను తీసి అవతల పారెయ్యండి. నాను మాత్రం ఇక్కడ్నించి నెగను."

పక్క తోట లోకనాథ్ ఇదంతా ఫోనులో వీడియో తీస్తూనే, పలాస కోర్టులో వకీలైన సంధ్యకు కబురు చేశాడు. ఆమె వచ్చేదాకా గంటసేపు ఇంజను ఆగలేదు. పొగకు పైడమ్మ కళ్లు మండాయి. అయినా లేవలేదు.

సంధ్య బండి దిగుతూనే అడిగింది. "నోటీసు ఎప్పుడిచ్చారు సార్? విచారణ ఎక్కడ జరిపారు?"

అధికారి మళ్లీ ఫైలు తెరిచి కాగితాలు తిరగేశాడు.

"చట్టం ప్రకారం కాకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదని రాజ్యాంగంలో ఉంది. మూడు వందల ఎ అధికరణం. నలభై నాలుగో సవరణలో చేర్చారు. దొంగ ముద్రతో తీసుకోవడం ఏ చట్టం? ఇంకో చెట్టు పడితే ఈ వీడియోతో హైకోర్టుకు వెళతాను. మీ పేరు కూడా రాస్తాను."

అధికారి ఫోను పట్టుకుని దూరంగా వెళ్లాడు. తిరిగొచ్చి, "రేపొస్తాం" అన్నాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అయినా పైడమ్మ నాలుగు రోజులు పనికి పోలేదు. తోటలోనే వండుకుంది. ఏ బండి చప్పుడైనా లేచి దారి వైపు చూసేది. అయిదో రోజు, సంధ్య వేసిన పిటిషను మీద, తోట జోలికి వెళ్లొద్దని హైకోర్టు స్టే వచ్చింది.

"ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తీసేసింది కూడా ఆ సవరణే పిన్నీ. కానీ ఈ ఒక్క వాక్యం మాత్రం ఉంచారు" అంది సంధ్య.

"అది సాలమ్మా. ఆళ్లు నన్నడక్కుండా రానేరు కదా."

ముద్ర బ్రోకరు మనిషిదేనని పోలీసు దర్యాప్తులో తేలింది. తర్వాత సరైన నోటీసు వచ్చింది. టెక్కలిలో విచారణ రోజున పైడమ్మ దాన్ని కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. అంతవరకూ అధికారులు కూర్చునే ఉన్నారు.

"ఏమంటావమ్మా?"

"ఇవ్వను బాబూ. అలగే రాసుకోండి."

గుమస్తా రాశాడు. ఆమె కింద సంతకం పెట్టింది. హైకోర్టులో కేసు ఇంకా నడుస్తూనే ఉంది. పడిపోయిన రెండు చెట్ల చోట వానలకు కొత్త మొక్కలు నాటింది.