ఇంకు ప్యాడ్‌తో వచ్చిన పరామర్శ

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను అనుమానాలక్క అనేవారు. తాళం వేసి మూడుసార్లు లాగి చూసేది. బల్బు కొంటే కొట్లోనే వెలిగించి చూపించమనేది. పదకొండేళ్లుగా అట్టలు కోసే యంత్రం దగ్గర పనిచేస్తున్నా ఒంటి మీద గీత పడనివ్వలేదు.

ఆర్డర్లు ముంచెత్తిన నెలలో సూపర్‌వైజరు కత్తికి అడ్డంగా ఉండే ఇనుప జాలీ ఊడదీయించాడు. అది ఉంటే పని నత్తనడక నడుస్తోందట.

"చెయ్యి పోతే పూచీ ఎవరిది?" అని అడిగింది.

"నీకన్నీ అనుమానాలే!" అని నవ్వేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అట్ట ఇరుక్కుంది. లాగబోతే కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే మేనేజరు ఆపిల్ పండ్ల సంచీతో దిగాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "ఎలా ఉందమ్మా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నోట 'అమ్మా' అన్న మాట వినడం అదే మొదలు. ఆమె మనసు కీడు శంకించింది.

"చిన్న కాగితం, చికిత్స కోసం. వేలిముద్ర వేస్తే చాలు," అంటూ జేబులోంచి ఇంకు ప్యాడ్ తీశాడు.

"నాకు సంతకం వచ్చు కదండీ. ప్యాడ్ కూడా వెంట తెచ్చుకున్నారా?"

"చెయ్యి కట్టులో ఉంది కదమ్మా. ఎడమ బొటనవేలు..."

భర్త కసిరాడు. "పెద్దాయన ఇంటికొస్తే ఈ ఆరాలేమిటే? వేసెయ్యి!"

"చదివి రేపు వేస్తాలెండి. కాగితం ఇక్కడ పెట్టి వెళ్లండి."

"ఆఫీసు కాగితం. అలా వదిలి వెళ్లకూడదు."

దాంతో అనుమానం గట్టిపడింది. ఎడమచేత్తో కాగితం లాక్కుని కూడబలుక్కుని చదివింది. జాలీ ఆమే తీసేసిందట. ఫలానా తేదీన భద్రతా శిక్షణ కూడా పొందిందట. ఆ రోజు ఆమె సెలవు పెట్టి కూతురి పురుడు దగ్గర ఉంది.

"ఆ పండ్లు కూడా పట్టుకెళ్లండి," అంది. భర్తే లేచి సంచీ తీసి ఆయన చేతికిచ్చాడు.

కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారిణి కుర్చీ చూపిస్తే, ఈవిడకూ పండ్లు ముట్టాయేమో అనుకుంటూ అంచునే కూర్చుంది. తీరా అధికారిణి ఆమెను వెంటబెట్టుకుని తనిఖీకి ఫ్యాక్టరీకి వచ్చేసరికి యంత్రం మీద జాలీ తళతళలాడుతోంది.

"అది ఎప్పుడూ ఉండేదేనండీ," అన్నాడు మేనేజరు.

యంత్రానికి రెండోవైపు పనిచేసేది ఆమె అన్న భార్యే. మేనేజరు చూపించిన శిక్షణ జాబితాలో ఆ వదిన సంతకమూ ఉంది. ప్రమాదం జరిగినప్పటి నుంచి వదిన గుమ్మం తొక్కలేదు. ఈమెనూ కొనేశారు అనుకుంది అనుమానాలక్క.

అధికారిణి వదినను పిలిచింది. వదిన ఒకసారి మేనేజరును చూసింది, ఒకసారి కట్టుకట్టిన చేతిని చూసింది.

"శిక్షణా లేదు, పాడూ లేదు. దెబ్బ తగిలిన సాయంత్రం అందరిచేతా సంతకాలు పెట్టించారు. జాలీ నిన్న బిగించారు. ఉద్యోగం ఊడుతుందని నోరు మూసుకున్నానండీ," అని ఏడ్చేసింది.

మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ప్రమాదానికి యాజమాన్యానిదే బాధ్యత. పరిహారం ఇవ్వాలి, చేతికి తగిన పని చూపించాలి, సాక్ష్యం చెప్పినందుకు ఎవరినీ తీసెయ్యకూడదు. అనుమానాలక్క దాన్ని రెండుసార్లు చదివించుకుని, "నాకు తెలియనిది ఇంకేమైనా ఉందాండీ ఇందులో?" అని అడిగాకే కాగితం అందుకుంది.

బయట వదిన నిలబడి ఉంది.

"నా మీద కూడా అనుమానపడ్డావు కదూ?"

"పడ్డాను," అంది.

ఇద్దరూ బస్సు కోసం నడిచారు. వదిన ఆమె సంచీ అందుకోబోతే ఇచ్చింది.