ముక్కలు కొట్టిన టర్కీ

థాంక్స్‌గివింగ్‌కి మీ ఇంట్లో ఏం వండుతారని ఎవరైనా అడిగితే, మా వాళ్ళందరూ ముందు నా వైపు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. టర్కీ కోడికి సొంత రుచంటూ ఒకటి లేదని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఉప్పూ కారం దట్టంగా పట్టించకపోతే అది తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే. ఎనభైల్లో మా బల్ల మీద ఆ రోజున టర్కీ వేపుడు, బగారా అన్నం, క్రాన్‌బెర్రీలతో చేసి ఇంగువ తిరగమోత పెట్టిన పచ్చడి, మొక్కజొన్న గారెలు ఉండేవి. చివర్లో మాత్రం ఈ దేశం వాళ్ళ గుమ్మడికాయ పై అనే తీపి రొట్టె ఉండేది. దానికి నేను ఎప్పుడూ వంక పెట్టలేదు. ఇదంతా ఆ తర్వాతి సంగతి. మొట్టమొదటిసారి టర్కీ నా చేతికి చిక్కిన రోజున నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది.

అది డెబ్బై తొమ్మిది. అమెరికాలో, ఇల్లినాయ్‌లోని అరోరాలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను గుంటూరు నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. పక్కింట్లో అరవై దాటిన ఒక పెద్దావిడ ఉండేది. ఆ ఊరు మొత్తానికి నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు ఆవిడే. మంచు మీద జారకుండా ఎలా నడవాలో, చలికి లోపల ఎన్ని పొరలు వేసుకోవాలో, కొట్టువాడు ఏదైనా అడిగితే తడబడకుండా ఏం చెప్పాలో అన్నీ ఆవిడే నేర్పింది. బదులుగా నేను పప్పుచారు పంపేదాన్ని. ఆవిడ దాన్ని కప్పులో పోసుకుని కాఫీలా తాగేది. నేనేమీ అనేదాన్ని కాదు.

ఆ మే నెలలో ఆవిడ భర్త పోయాడు. పెరట్లో గడ్డి కోస్తూ, ఉన్నట్టుండి కూలిపోయాడు. నవంబరు వచ్చేసరికి ఆవిడకి ఒకటే దిగులు. కొడుకులిద్దరూ పెళ్ళి కాని వాళ్ళు, వేర్వేరు ఊళ్ళలో ఉద్యోగాలు. తండ్రి పోయినప్పటి నుంచి వాళ్ళిద్దరికీ పడటం లేదు. ఈ ఒక్క పండగ భోజనం సవ్యంగా జరిగిపోతే పిల్లలు మళ్ళీ మళ్ళీ ఇంటికొస్తారని, ఇది చెడితే ఇంక ఎవరి దారి వాళ్ళదేనని ఆవిడ భయం. కంచె దగ్గర నిలబడి "అంతా ఎప్పటిలాగే ఉండాలి హనీ, ఎప్పటిలాగే" అని నాతో ఎన్నిసార్లు అన్నదో. మమ్మల్ని కూడా మూడింటికి భోజనానికి రమ్మంది. ఏమేం చేస్తుందో వేళ్ళు మడిచి చెప్పింది. టర్కీ, రొట్టెముక్కల కూర, మెత్తగా నలిపిన బంగాళాదుంపలు, డబ్బా సూపు పోసి వండిన చిక్కుళ్ళు, వాటి మీద వేపిన ఉల్లిపాయలు, చిలగడదుంపల మీద తెల్లటి మెత్తని మిఠాయి. చిలగడదుంపే తియ్యగా ఉంటుంది, దాని మీద మళ్ళీ మిఠాయేంటని అనుకున్నాను గానీ పైకి అనలేదు.

పండగ గురువారం పొద్దున ఏడింటికి తలుపు చప్పుడైంది. తీస్తే ఆవిడ. చేతుల్లో పెద్ద పళ్ళెం, అందులో చంటిబిడ్డంత టర్కీ.

"నా ఓవెన్ పని చెయ్యడం లేదు. నీది వాడుకోనా?" అంది.

మా ఓవెన్ అప్పటికి బాణళ్ళూ, దోసెల పెనమూ దాచుకునే బీరువా. అన్నీ గబగబా బయటికి లాగాను. ఆవిడ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి పెద్దకొడుకుని తీసుకురావాలి. చిన్నకొడుకు కారులో వస్తాడు.

"దాని కడుపులో గుండే కాలేయం చుట్టి పెట్టిన కాగితం సంచి ఉంటుంది, అది తీసెయ్. కడిగి, ఉప్పూ వెన్నా రాసి తొమ్మిదింటికి లోపల పెట్టు, చాలు. నీ చేతి వంట నాకు తెలుసు కదా" అని నా బుగ్గ తట్టి వెళ్ళిపోయింది.

ఆ చివరి మాటే నా కొంప ముంచింది. వంట బాగుంటుందని ఎవరైనా అంటే నేను ఊరుకునే రకం కాదు, ఇంకా బాగా చేసి చూపించాలి. టర్కీని సింకులో పెట్టి చూద్దును కదా, తోలు తోలులాగే ఉంది! మా ఇంట్లో తోలు తియ్యని కోడి వంటింటి గడప దాటేది కాదు. అయ్యో పాపం, దిగుల్లో పడి ఆవిడ సగం పని మర్చిపోయింది, లేదా కొట్టువాడు మోసం చేశాడు అనుకున్నాను. పైగా అంత లావు పక్షికి పైన ఉప్పు రాస్తే లోపలికి ఎలా దిగుతుంది?

మా వైపు చర్చివాళ్ళకి కృతజ్ఞతా కూడిక అంటే కొత్త కాదు. ఇల్లు కట్టినా, జబ్బు తగ్గినా, బిడ్డ పరీక్ష పాసైనా పది మందిని పిలిచి ప్రార్థన పెట్టించి, తర్వాత భోజనం పెడతాం. ఆ భోజనానికి ముక్క చిన్నగా, సమంగా కొట్టాలి. ఒకరికి కండా ఒకరికి ఎముకా పడితే పిలిచినవాళ్ళకి మాట వస్తుంది. ఈ థాంక్స్‌గివింగ్ కూడా అలాంటిదేగా అనుకున్నాను. పేపర్లు పరిచి, పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్న కత్తిపీట వేసుకుని నేల మీద కూర్చున్నాను. తోలు మొత్తం వలిచేశాను. ఎముకలు కత్తిపీటకి లొంగకపోతే గరాజ్‌లోంచి చిన్న గొడ్డలి తెచ్చి శుభ్రంగా కడిగి వాడాను. పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించాను. తెల్లవాళ్ళు కదా అని కారం సగమే వేశాను. ఆ సగం కూడా నా లెక్కలో సగం.

అప్పుడు లేచి వచ్చారు మా ఆయన. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటే ఇది? ఏం చేశావే?"

"ఏం చేశాను? శుభ్రం చేశాను."

"దాన్ని కొయ్యకూడదే! మొత్తంగా కాల్చి టేబుల్ మీద పెడతారు. ఇంటాయన అందరి ముందూ నిలబడి కోస్తాడు. మా ఆఫీస్‌లో నెల రోజుల్నించీ ఇదే టాక్."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"పొద్దున్నే గొడ్డలేసుకుని కూర్చుంటావని నాకేమన్నా కలొచ్చిందా?"

ఎప్పటిలాగే ఉండాలన్న ఆవిడ మాట చెవుల్లో మోగింది. ఆయన కారు తీసుకుని ఊరంతా తిరిగారు. ఆ రోజున కొట్లన్నీ మూసే ఉన్నాయి. ఒక గ్యాస్ స్టేషన్ నుంచి బ్రెడ్డు పాకెట్ తెచ్చారు. ఎందుకండీ ఇది అంటే, ఉత్త చేతుల్తో రాలేకపోయాను అన్నారు. తర్వాత, ఇంజనీరు కదా, ముక్కల్ని తిరిగి పక్షి ఆకారంలో పేర్చి పుల్లలు గుచ్చబోయారు. కాసేపటికి అదీ వదిలేశారు. నలభై పైచిలుకు ముక్కలవి. ఏడుస్తూనే పళ్ళెంలో పరిచి, వెన్న వేసి ఓవెన్‌లో పెట్టాను. ప్రభువా, ఆవిడ నన్ను ఏమన్నా సరే, ఆవిడ పిల్లలు మాత్రం లేచి వెళ్ళిపోకుండా చూడు అని ప్రార్థన చేశాను. అంతకుముందు వంట గురించి ఎప్పుడూ ప్రార్థన చేసినదాన్ని కాదు.

రెండున్నరకి ఆవిడా కొడుకులిద్దరూ పళ్ళెం తీసుకెళ్ళడానికి వచ్చారు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. చెప్పడం చేతకాక ఓవెన్ తలుపు తెరిచి చూపించాను.

ఆవిడ చూసింది. మొహం తెల్లగా పాలిపోయింది. పెద్దకొడుకు "ఇదేంటి?" అన్నాడు. చిన్నకొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని ఏడ్చింది. నేనూ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. నా చేతులు నరుక్కోవాలనిపించింది.

కాసేపటికి ఆవిడ ముక్కు తుడుచుకుని కొడుకుల వైపు చూసింది.

"నెల రోజులుగా నాకు నిద్ర లేదు" అంది పెద్దవాడితో. "కత్తి నీకిస్తే వాడికి కోపం. నాన్న చోట ఇంకెవరూ నిలబడ్డానికి వీల్లేదని వాడు. పెద్దవాణ్ణి కాబట్టి నేనే కొయ్యాలని నువ్వు. ఫోన్లో మీరిద్దరూ అన్న మాటలు నేను విన్నాను. మే నెలలో పోయిన మనిషి ఇవాళ ఆ బల్ల దగ్గర మళ్ళీ పోతాడని భయపడ్డాను."

ఆవిడ లేచి, నా చేతిలోని గుడ్డ తీసుకుని, పళ్ళెం తనే బయటికి లాగింది. "పదండి. కొయ్యడానికేం లేదు. తినడమే" అంది.

వాళ్ళింట్లో బల్ల చివర ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఇద్దరు కొడుకులూ దానికి చెరో పక్కన, దాని వైపు చూడకుండా కూర్చున్నారు. ఆవిడ పళ్ళెం తెచ్చి ఆ కుర్చీ ముందు పెట్టింది. ఒక్క క్షణం నిలబడి, అందులోనే కూర్చుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారని తర్వాత నాతో చెప్పింది. గరిటె తీసుకుని అందరికీ సమంగా వడ్డించింది.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే వంట కుదరలేదు. ముక్క ఎండిపోయింది, అడుగున కాస్త మాడింది, నా సగం కారం వాళ్ళకి రెట్టింపైంది. పెద్దకొడుకు ముందు బంగాళాదుంపలు మాత్రమే తిన్నాడు. అతను నా టర్కీని ముట్టుకోనందుకు నాకు కోపం కూడా వచ్చింది, అంత తప్పు చేసి కూడా. చిన్నవాడు ముక్క కొరికి, దగ్గి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, నాన్నయితే ముందు ఈ వంటని తిట్టేవాడు, తర్వాత మొత్తం తనే తినేవాడు అన్నాడు. పెద్దవాడు తల వంచుకుని నవ్వాడు. ఆ తర్వాత అతను కూడా ముక్క కొరికాడు. మా ఆయన తెచ్చిన ఆ బ్రెడ్డుతో నంజుకుని, కారానికి చెమటలు కక్కుతూ ఇద్దరూ పళ్ళెం ఖాళీ చేశారు. చిలగడదుంపల మీది మిఠాయి నాకు నచ్చింది. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం పెద్దకొడుకు కోటు వేసుకుంటూ గుమ్మంలో ఆగాడు. తల్లి ఇంకా ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. వచ్చే ఏడు వస్తారా అని ఆవిడ అడగలేదు. అడగడానికి భయపడుతోందని నాకు తెలుసు. అతను తమ్ముడి వైపు చూశాడు.

"వచ్చే ఏడు ఎయిర్‌పోర్ట్‌కి నువ్వు రావద్దమ్మా" అన్నాడు. "వీడు నన్ను ఎక్కించుకుంటాడు. ఇద్దరం కలిసే వస్తాం."