చాపకూ కుర్చీకీ సగటు

పొలాలు, ఇల్లు పోయాక మా వంశానికి మిగిలింది తాతగారి టేకు కుర్చీ ఒక్కటే. కర్నూలులో నేను పనిచేసే పాథాలజీ విభాగంలో, నా గదిలో దాన్ని వేసుకున్నాను. ఇంకెవరూ అందులో కూర్చోరు. కూర్చోమని నేనూ అనను.

ఆ ఏడు నా దగ్గర పీజీ చేస్తున్న అమ్మాయిది మా ఊరు కోడుమూరే, మగ్గాల ఇల్లు. పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బులో, మందుకు ముందూ తర్వాతా తీసిన పేగు ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి గ్రేడు వేయడం ఆమె థీసిస్. సున్నా అంటే పేగు నిమ్మళం, పైకి పోయేకొద్దీ వాపు, అయిదంటే పుండు. థీసిస్ వెనక్కొస్తే ఆమె పరీక్ష ఆగిపోతుంది. నా సంతకానికి తెచ్చింది. మొదటి పట్టికలోనే సగటు గ్రేడు రెండున్నర.

"రెండున్నర గ్రేడు పేగు యాడుండాదమ్మా? ఒక్క స్లైడు చూపించు."

"లెక్కలో వచ్చింది సార్. రెండున్నర మీటర్ల గుడ్డ ఉండదా?"

"గుడ్డను కొలుస్తాం. వీటిని వరుసలో నిలబెడతాం, అంతే. మా తాతగారి హాల్లో చాపకు ఒకటి, బెంచీకి రెండు, కుర్చీకి మూడు అని గ్రేడు వేశామనుకో. ఒకాయన చాప మీద, ఇంకొకాయన కుర్చీలో. సగటు ఏమి?"

"బెంచీ సార్!"

"బెంచీ మీద ఎవరుండారు? ఖాళీ!"

ఫక్కున నవ్వింది. అంతలోనే ఆగింది.

"ఇంగోటి సార్. మా జేజినాయన మీ తాతగారి కాలంలో మీ హాల్లో చాప మీదే కూర్చునేవాడంట. చాప నుంచి బెంచీకి ఎక్కేది శానా కష్టం. బెంచీ నుంచి కుర్చీకేముంది, పక్కకు జరిగితే చాలు. రెండు మెట్లూ సమానమని కూడేది కూడా తప్పే కదా?"

నేను చెప్పబోయిన రెండో మాట అదే. ఇద్దరం నవ్విన నవ్వుకు వరండాలోవాళ్లు తొంగిచూశారు.

సగటులన్నీ కొట్టేసి మీడియన్, అంటే వరుసలో నడిమి గ్రేడు, పెట్టింది. ఏ గ్రేడులో ఎందరున్నారో విడిగా చూపి, మందుకు ముందూ తర్వాతా గ్రేడులను వరుస క్రమాన్ని బట్టే పోల్చే లెక్క చేసింది. మందు పనిచేసిందన్న మాట అప్పుడూ నిలబడింది.

కడప నుంచి వచ్చిన ఎగ్జామినరు సగటు ఎందుకు వేయలేదని అడిగాడు. చాప, బెంచీ, కుర్చీ అని మొదలుపెట్టింది.

"ఎవరి హాలమ్మా అది?" అన్నాడాయన నవ్వుతూ.

"మా సారోళ్లది సార్."

నేను మరింత నిటారుగా కూర్చున్నాను.

పాసయి, ఓళిగల డబ్బాతో, అదే బొబ్బట్లతో, నా గదికి వచ్చింది. లేచి కుర్చీ చూపించాను.

"వద్దులే సార్. సగటు చేసి స్టూలు మీద కూర్చుంటా."

"సగటు చేయకూడదనే కదమ్మా పాసయింది!"

కూర్చుంది. నేను స్టూలు లాక్కుని ఓళిగ అందుకున్నాను. నెయ్యి బాగా వేశారు.