అక్కకివ్వని ఆనర్స్ ఫారం

మా అక్కకు ఇవ్వమని ఒక సారు నా చేతిలో పెట్టిన కాగితాన్ని నేను ఆమెకు ఇవ్వలేదు. ఇచ్చానని ఒకరిని నమ్మించాను, ఆమే వద్దన్నదని ఇంకొకరికి చెప్పాను. అది జరిగి ఇరవై ఎనిమిదేళ్లు. ఈ ఇరవై ఎనిమిదేళ్లూ మా బంధువులు నన్ను "తండ్రి కోసం పెద్ద చదువు వదులుకున్నోడు" అని మెచ్చుకుంటూ వచ్చారు. ఒక పెళ్లిలో ఆ మాట మైకులో కూడా చెప్పారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. (సిగ్గుతో వంచిన తలకూ వినయంతో వంచిన తలకూ తేడా దూరం నుంచి కనిపించదు.) ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇందులో నవ్వొచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి, అవన్నీ నా మీదే.

మేం కర్ణాటకలోని హట్టి బంగారు గని క్వార్టర్స్‌లో పెరిగిన ఆ రోజుల్లో ఏ ఇంటికీ సొంత పొద్దు ఉండేది కాదు. సైరన్ కూస్తే పొద్దు, మళ్లీ కూస్తే సాయంత్రం. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి స్నానం చేసి, ఇంత తిని, మధ్యాహ్నం మూడింటి దాకా పడుకుంటాడు. క్వార్టరంటే రెండు గదులు. ఆ నిద్ర సరిగ్గా పడకపోతే మరుసటి రాత్రి భూమి లోపల చెయ్యో కాలో పోవచ్చు, అందుకని ఆయన లేచేదాకా ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. తలుపు మీద సుద్దముక్కతో సున్నా గీసి ఉందంటే లోపల నిద్ర అని అర్థం. పాలవాడు కూడా సున్నా చూసి గిన్నె చప్పుడు కాకుండా పోసి వెళ్లేవాడు. పిల్లలం సైగలతో మాట్లాడుకునేవాళ్లం, సైగలతోనే తిట్టుకునేవాళ్లం. ముఖ్యమైన సంగతైతే పలక మీద రాసేవాళ్లం, అదీ కన్నడ అక్షరాల్లో, ఎందుకంటే మాకు నోటికి తెలుగు, చేతికి కన్నడం. (మా అమ్మ చప్పుడు రాకుండా కొట్టడం ఎలాగో చాలాకాలం ఆలోచించి చివరికి గిచ్చడం దగ్గర స్థిరపడింది.) ఆ గంటల్లో జొన్న రొట్టెలు కూడా తట్టకూడదు. మూడు దాటాక ఏ ఇంట్లోంచి రొట్టె తట్టే చప్పుడు మొదలైతే ఆ ఇంటాయన లేచాడని, ఇక అక్కడ మాట్లాడొచ్చని వీధంతటికీ తెలిసేది. ఎవరి తండ్రి ఏ వారం ఏ షిఫ్టులో ఉన్నాడో క్వార్టర్స్‌లో పుట్టిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. నా తప్పుకు మూలమైన తెలివి ఇదే కాబట్టి ఇంత వివరంగా చెప్పాను.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే రెండు నెలలు పెద్ద. ఆ రెండు నెలల్ని ఆమె ఏనాడూ మరచిపోనివ్వలేదు. ఇద్దరం ఒకటే తరగతి, రోజూ ఒకటే బస్సులో లింగసూగూరు కాలేజీకి వెళ్లి పీయూసీ, అంటే ఇంటర్, చదివాం. లెక్కల్లో ఆమె మొదటిది, నేను రెండోవాణ్ణి. నా రెండో స్థానం ఆమె నోట్సు వల్ల వచ్చిందని మా ఇద్దరికీ తెలుసు. ఫలితాలు వచ్చాక మార్కుల కార్డులు తేవడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. అక్కకు ఆ రోజు ఇంట్లో పని పడింది. లెక్కల సారు నన్ను పక్కకు పిలిచి, హైదరాబాదులో ఒక కాలేజీలో మూడేళ్లు లెక్కల ఆనర్స్ ఉందని, తాను ఇద్దరికీ సిఫారసు ఉత్తరాలు రాసిస్తానని చెప్పి రెండు ఫారాలు ఇచ్చారు. పంపడానికి రెండు వారాల గడువు. ఒక పేజీలో 'నేను గణితం ఎందుకు చదవాలనుకుంటున్నాను' అని రాసి జతచేయాలి. వచ్చేసేటప్పుడు ఆయన మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా ఇంకో మాట అన్నారు. మన కాలేజీ నుంచి ఇద్దరినీ తీసుకోరప్పా, ఒకరిని తీసుకుంటే అదే గొప్ప, అని.

తిరిగొచ్చే బస్సు దారిలో గురుగుంట ఊరు దాటేలోపే ఆ ఒక్కరు ఎవరో నాకు తెలిసిపోయింది.

నల్లా దగ్గర నీళ్లకు నిలబడ్డ పెద్దమ్మ కనిపిస్తే అక్క మార్కుల కార్డు ఆమె చేతికిచ్చాను. దాని కింద ఉన్న ఫారం మాత్రం నా సంచిలోనే ఉండిపోయింది. ఇది చేతికిచ్చి పంపే వస్తువు కాదు, దీన్ని కూర్చుని వివరించాలి, నేనే స్వయంగా వెళ్లి చెబుతాను, అనుకున్నాను. నిజంగానే వెళ్లాను. మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లాను. తలుపు మీద సున్నా ఉంది. అయ్యో, పెదనాయన నిద్రపోతున్నాడే, అని తిరిగొచ్చాను. రెండు రోజులాగి మళ్లీ వెళ్లాను. మళ్లీ పన్నెండింటికే. మళ్లీ సున్నా. ఆ వారమంతా పెదనాయనకు రాత్రి షిఫ్టని నాకు తెలియదని మీరనుకుంటే పైన షిఫ్టుల గురించి రాసిన పేరా ఇంకోసారి చదవండి.

ఈలోగా నా ఫారం సంగతి. పెట్టాలా వద్దా అని నేను అడగని మనిషి లేడు, అడగాల్సిన ఒక్క మనిషి తప్ప. గని లోపల దూలాలు నిలబెట్టే టింబర్ మామ (మా నాయన జోడీదారు) ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడేండ్లు ఒక్క లెక్కలేనా? గంత సేపు తెగని లెక్క ఏం లెక్కరా అది. యాడనో తప్పు జేసుంటరు, మల్లొకసారి చూస్కోమను" అన్నాడు. చాయ్ హోటలాయన హైదరాబాదులో తన బావమరిది పడిన కష్టాలు చెప్పాడు. "పట్నంల అన్ని దొరుకుతయి, జొన్న రొట్టె దొరకది. నువ్వు పది దినాలకు కట్టె అయి వస్తవ్." మా అమ్మ పలక మీద 'పోతే మళ్లీ ఎప్పుడొస్తావు' అని రాసి, నేను జవాబు రాసేలోపే కొంగుతో తుడిచేసింది. ఎవరు ఏం చెబితే అదే నిజమనిపించేది. పొద్దున పెట్టాలనిపించేది, అన్నం తిన్నాక వద్దనిపించేది. అక్కకు చెబితే నాకు రాదు, చెప్పకపోతే నేను మనిషిని కాదు, ఏదీ చేయకపోతే హాయిగా ఉంటుంది అనిపించి మంచం మీద పడుకునేవాణ్ణి. ఆ హాయి ఒక్క పూట కూడా నిలవలేదు. పద్దెనిమిదేళ్లకే నేను ఎలాంటివాణ్ణో నాకు తెలిసిపోతోందని దిగులు పట్టుకుంది. అన్నం సహించేది కాదు. మా అమ్మ దాన్ని చదువు బెంగ అనుకుని దిష్టి తీసింది.

అన్నిటికంటే ఆ ఒక్క పేజీ నన్ను చంపింది. గణితం ఎందుకు చదవాలనుకుంటున్నాను? దేశసేవ అని రాశాను, కొట్టేశాను. తల్లిదండ్రుల కోరిక అని రాశాను. (వాళ్లకు అలాంటి కోరిక లేదు.) పదకొండు కాగితాలు పాడయ్యాక నాకు ఉన్నట్టుండి బ్రహ్మాండమైన జవాబు తట్టింది. మా నాయన గనిలో రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోతాడు. ఆడుకుంటే చప్పుడు, పాడుకుంటే చప్పుడు, పైకి చదివితే చప్పుడు. చప్పుడు లేకుండా చేయగలిగింది లెక్కలొక్కటే. అందుకని చిన్నప్పటి నుంచీ లెక్కలు చేస్తూ వచ్చాను, ఇప్పుడు ఆ నిశ్శబ్దమంటేనే ఇష్టం. ఇలా రాసుకుపోయాను. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

శనివారం పొద్దున షిఫ్టు దిగి వచ్చిన మా నాయన స్నానం చేసి ఆ కాగితం తీసి చదివాడు. ఆయన నిదానంగా, పెదాలు కదుపుతూ చదివే మనిషి. చదివి మడిచి నా ముందు పెట్టాడు.

"ఇది నువ్వు రాసినవా?"

"నేనే రాసిన."

"నేను పండుకుంటే నువ్వు గూడ నా పక్కకే పండుకుంటుంటివి గదరా. గురక గూడ పెడుతుంటివి. మీ అమ్మ ఇద్దర్ని గల్పి తిట్టుకుంటుండె." కాగితం మీద వేలు పెట్టాడు. "ఇది మీ అక్క మాట. పోయినేడు పండగకు మనింటికొచ్చినప్పుడు నా ముంగటనే అన్నది. నేను మరిచిపోలె."

నేను గోడ వైపు చూశాను.

"దానికి గూడ ఫారం ఇచ్చిండా సారు?"

తల ఊపాను.

"ఇచ్చినవా దానికి?"

మళ్లీ తల ఊపాను. నోటితో అబద్ధం చెప్పలేదు చూడండి. పగలంతా సైగలతో బతికే ఇంట్లో పెరిగాను, నా మొదటి పెద్ద అబద్ధం కూడా సైగతోనే చెప్పాను. నాయన నమ్మాడు. "దానికొస్తే మంచిదే. నీకొస్తే గూడ మంచిదే. నా ఫికర్ పెట్టుకోకు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ వెళ్లి తలుపు మీద సున్నా గీసింది.

ఆ మధ్యాహ్నం మాత్రం నిజంగా ఇద్దామనే వెళ్లాను. ఫారం చొక్కా జేబులో పెట్టుకుని పెద్దమ్మ వాళ్ల ఇంటెదురుగా నల్లా గట్టు మీద కూర్చున్నాను. తలుపు మీద సున్నా ఉంది. కిటికీలోంచి అక్క నన్ను చూసి చెయ్యి తిప్పి "ఏంది?" అని సైగ చేసింది. నేను "ఏం లేదు" అని సైగ చేశాను. ఆమె నవ్వి, ఉండమని సైగ చేసి, ఒక గిన్నెలో ఉడికిన శనగకాయలు తెచ్చి గడప మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను వెళ్లి తెచ్చుకుని గట్టు మీద కూర్చుని అన్నీ తిన్నాను. పెదనాయన లేవనీ, లేచాక చెబుతాను అనుకుంటూ తిన్నాను. ఎండ గోడ దిగింది. అప్పుడు లోపలి నుంచి చప్పుడు వినిపించింది. టప్, టప్, టప్. అక్క రొట్టెలు తడుతోంది. అంటే పెదనాయన లేచాడు. ఇక మాట్లాడొచ్చు. నన్ను ఆపేది ఈ లోకంలో ఏదీ లేదు.

నేను లేచి, గిన్నె గడప మీద పెట్టి, వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను.

తర్వాతి వారం పెదనాయనకు షిఫ్టు మారింది. ఆ ఇంట్లో పొద్దుటి నుంచీ మాటలే. నాకు జ్వరం వచ్చింది. (తెప్పించుకున్నాను.) గడువు దాటిపోయింది. నా ఫారం కూడా నేను పంపలేదు. పంపుదామంటే ఆ పేజీ ఒక్కటే బాగుంది, అది నాది కాదు. రెండు ఫారాలూ ట్రంకు పెట్టె అడుగున కాగితం కింద పరిచాను. అడిగినవాళ్లకు నాయనను వదిలి పోలేనన్నాను. సారు ఫారం నాకొక్కడికే ఇచ్చారని అక్క అనుకుంది, నేను కాదనలేదు. సారు అడిగితే "అక్క వద్దన్నది సార్" అన్నాను. ఈసారి నోటితోనే. ఇద్దరం లింగసూగూరులోనే డిగ్రీలో చేరాం. డిగ్రీకీ లెక్కలు ఆయనే చెప్పారు, కానీ అక్కను బోర్డు దగ్గరికి పిలవడం మానేశారు. నేను ఆ మూడేళ్లూ నా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. నాయన తర్వాత నాకు గనిలోనే టైం ఆఫీసులో పని దొరికింది. ఎవరు ఏ షిఫ్టులో దిగారో రాయడం నా ఉద్యోగం. దేవుడు నా అర్హతను బాగానే గుర్తుపట్టాడు.

అక్క లింగసూగూరులో ఒక బడిలో లెక్కలు చెబుతోంది. పోయిన నెల ఫోన్ చేసింది. ఆమె కూతురికి డిగ్రీ మూడో ఏడు అయిపోవస్తోంది. నాలుగో ఏడు ఆనర్స్‌కు పెట్టాలా వద్దా అని ఇంట్లో వాదన నడుస్తోంది. "నువ్వొకసారి వచ్చి చెప్పు తమ్మి. ఆ కాలంలనే ఆనర్స్ ఫారం చేతిల బెట్టుకొని వద్దనుకున్నోనివి. నీ లెక్క ఆలోచించెటోడు మనల్ల ఎవడున్నడు" అన్నది. ఆ రోజు నేను రాసిన షిఫ్టులన్నీ తప్పుల తడక.

ఆదివారం వెళ్లాను. మా బావ బెంగళూరు రాత్రి బస్సు నడుపుతాడు. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండు. (కావాలని కాదు, ఒట్టు. యాభైకి దగ్గరపడ్డా కాళ్లకు ఆ వేళే అలవాటయింది.) తలుపు మీద సుద్దతో సున్నా. లింగసూగూరులో అలా గీసే ఇల్లు ఇంకోటి ఉండదు. అక్క తలుపు తీసి, పెదాల మీద వేలు పెట్టి, నా ముఖం చూసి చెయ్యి తిప్పింది. "ఏంది?"

నా చెయ్యి దానంతటదే లేచింది, ఏం లేదు అనడానికి. దాన్ని ఇంకో చేత్తో పట్టుకున్నాను.

"సారు నీకు గూడ ఫారం ఇచ్చిండక్కా" అన్నాను. ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే సైరన్‌లా వినిపించింది. ఆగితే మళ్లీ చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. మార్కుల కార్డు, సున్నా, నల్లా గట్టు, శనగకాయలు, ఆ పేజీలో నాదిగా రాసుకున్న ఆమె మాట, సారుతో చెప్పిన అబద్ధం. లోపల మంచం కిర్రుమంది. "ఎవరది?" అని బావ గొంతు వచ్చింది. ఒక రాత్రి షిఫ్టు మనిషి నిద్ర చెడగొట్టడం నా జీవితంలో అదే మొదటిసారి.

వెనక గదిలోంచి మేనకోడలు వచ్చి, "మామా, నేను ఫారం పోయిన వారమే వేసిన. అమ్మకు చెప్పలే" అని మెల్లగా చెప్పి తల్లి వంక చూసింది. అక్క వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి చప్పుడు మొదలైంది. టప్, టప్, టప్. నేను వెళ్లి గడప దగ్గర నిలబడ్డాను.

"సారు నన్నెందుకు బోర్డు కాడికి పిలుస్తలేడని మూడేండ్లు అనుకుంటుంటి" అన్నది, తల ఎత్తకుండా. "నాకే ఏం రాదేమో అనుకున్న."

రొట్టె తిరగేసింది. ఇంకోటి మొదలుపెట్టింది.

"ఆ కాగితంల ఏం రాసినవ్, నా మాట?"

చెప్పాను. చప్పుడు లేకుండా చేయగలిగింది లెక్కలొక్కటే, అని. ఒక్క నిమిషం ఆమె చెయ్యి ఆగింది.

"మంచిగనే రాసినవ్" అన్నది. తర్వాత చేతి వెనకతో ముఖం తుడుచుకుంది. పిండి అంటింది. "మీ బావను లేపితివి. ఇంక భయమేంది, మాట్లాడు. ఇంకేమన్న మిగిలిందా?"

"మిగిలిందక్కా" అన్నాను. "తప్పు చేసిన. మాఫ్ చెయ్యి."