చీకట్లోనూ వెలిసిపోని ఊదారంగు

మొన్నామధ్య మా తాడేపల్లి అపార్టుమెంటులో పక్కింటావిడ ఒక పూలకుండీ తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్లింది. చూద్దును గదా, మిరప మొక్క! కాయలు మాత్రం పచ్చగానో ఎర్రగానో కాక, నేరేడు పండు రంగులో నిగనిగలాడుతున్నాయి. కూరకు కాదట, అందానికట. మిరపకాయను అందం కోసం పెంచే కాలమొకటి వస్తుందని పొదిలి దగ్గర మెట్టచేల మధ్య పుట్టిన నేను కలలో కూడా అనుకోలేదు. అది అలా ఉంచండి. ఆ రంగు చూడగానే నా ప్రాణం ఎనభైల నాటి గుంటూరుకు, ఊరి చివర మిరపచేల పక్కనున్న మా చిన్న ల్యాబుకు, అక్క దగ్గరికి వెళ్లిపోయింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. మిషన్ బడిలో పంతులైన మా నాన్న నన్ను ఆ ల్యాబులో సహాయకురాలిగా చేర్చి బస్సెక్కిన రోజు, బిక్కమొహం వేసుకుని నిలబడ్డ నన్ను పిలిచి తన క్యారియర్లోని గోంగూర అన్నం సగం పెట్టిన పరిశోధక విద్యార్థిని. వినుకొండ మనిషి. ఆ పూట నుంచి ఆమె నాకు అక్కే.

మిరప ఆకు ముక్కను గాజు ప్లేటులో జెల్లీలాంటి మేత మీద పెడితే, కొన్నాళ్లకు అది తాను ఆకునన్న సంగతే మరిచిపోయి ఉప్మా ముద్దలా ఊరుతుంది. అదంతా ఉత్త కణాలే. వెలుతురు తగిలితే మా ముద్దలు ఊదారంగు తయారుచేసుకునేవి, చీకట్లో తెల్లగా ఉండిపోయేవి. రంగు తయారుచేసే జన్యువులు వేరు, ఎప్పుడు పనిలోకి దిగాలో ఎప్పుడు ఆగాలో వాటికి చెప్పే జన్యువులు వేరు. అక్క ఈ రెండో రకాన్ని పెత్తందార్లు అనేది. పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకునేది కోడలు, పొయ్యి ఎప్పుడు వెలిగించాలో చెప్పేది అత్తగారు, నాకు కావలసింది ఆ అత్తగారే అని నవ్వేది. అందుకని జన్యువులు అక్కడక్కడా చెడేలా కణాలకు ఒక రకం కిరణాలు సోకించి, ప్లేట్లను నల్లకాగితంలో చుట్టి చీకటి గదిలో పెట్టేవాళ్లం. చీకట్లో కూడా ఏ ముద్దకైనా రంగు తేలిందంటే అందులో పెత్తందారెవరో చెడిపోయాడన్నమాట, అక్కడి నుంచి వాడి ఆచూకీ తీయొచ్చు. ఎన్ని ప్లేట్లు విప్పినా అన్నీ తెల్లగా వెక్కిరించేవి.

అలా ఏళ్లు గడిచాయి. ఈ ఏడూ ఏమీ తేలకపోతే మా పరిశోధనకు డబ్బిచ్చే స్కీము మూసేస్తారని, అక్క చేసిందంతా వదిలేసి వేరే అంశంతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలని సార్ చెప్పేశారు. సార్ మా సెక్షన్ పెద్ద. మంచివారే గానీ, పైవాళ్లంటే వణుకు. అప్పటి నుంచి అక్క క్యారియర్ సగంలోనే మూసేసేది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ మా ల్యాబులోనూ ఘనంగా జరిగేది. మా అటెండర్ బాబాయి నమాజు తప్పని మనిషి, అయినా మిషన్లకు బంతిపూల దండలు ఆయనే కట్టాలి. ఇంకొకరు కడితే వంకరగా ఉందని విప్పేసేవాడు. ఆదివారం చర్చి తప్పని నేను మామిడాకులు గుచ్చేదాన్ని. అక్క పండక్కి వినుకొండ వెళ్లింది. చీకటి గది కూడా కడగాల్సిందేనని ఆ ఏడు సార్ పట్టుబట్టడంతో కొన్ని అరల్లోని ప్లేట్లు బయటికి తీశాం, చెమ్మకు నానిన నల్లకాగితాలు ఎలాగూ మార్చాలి గదా అని ఊడదీశాం. ఇవి మాత్రం ఆయుధాలు కావా అంటూ బాబాయి వాటిని అమ్మవారి పటం ముందు వరసగా పేర్చి, మూత మూతకీ కుంకుమబొట్టు పెట్టాడు. పూజ, శనగల ప్రసాదం, కబుర్లు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కొత్త కాగితాలు చుట్టి లోపల పెట్టేసి ఇళ్లకు పోయాం. అంతసేపూ కిటికీ వెలుతురు వాటి మీద పడుతోందన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు.

సెలవులయ్యాక అక్క వచ్చి కాగితాలు విప్పింది. "ఒసేయ్, ఇటు రావే!" అన్న కేకకు పరిగెత్తాను. తెల్లటి ముద్దల మీద ఊదా చుక్కలు! అక్క నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. సార్ మిఠాయి తెప్పించి, అటునుంచి అటే పైవాళ్లకు ఫోను చేయడానికి వెళ్లిపోయారు. అక్క మిగతావి విప్పుతూ విప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. రంగున్న ప్రతి ప్లేటు మూత మీదా బొట్టుంది, బొట్టు లేని ప్లేట్లలో ఒక్క చుక్కా లేదు.

"ఈ బొట్లేంటే?" అని అడిగింది. చెప్పాను. స్టూలు మీద కూలబడింది.

సార్ బతిమాలారు. "పైవాళ్లకు చెప్పేశానమ్మా. అమ్మవారు చూపించిందనుకుని రాసెయ్యరాదూ?"

"అమ్మవారు చూపిస్తే చీకట్లో కూడా చూపిస్తుందండీ," అంది అక్క.

రంగు తేలిన ముద్దల నుంచి చిటికెడేసి తీసి, కొత్త మేత మీద పెట్టి మళ్లీ చీకట్లోకి పంపింది. వెలుతురు వల్ల వచ్చిన రంగే అయితే, చీకట్లో పుట్టే కొత్త కణాలకు అది ఉండదు. అవి పెరిగేదాకా ఆమె మొహం చూడలేకపోయాం. విప్పే రోజున నావల్ల కాదు నువ్వే విప్పవే అని గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక్కొక్కటే విప్పాను. "తెలుపేనా?" అంటుంది. "తెలుపేనక్కా," అంటాను. అలా చాలాసేపు సాగింది. ఒక ప్లేటును మాత్రం కళ్ల దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. "ఏమే, పలకవేం?" అని ఇటు తిరిగింది. పాత రంగు ఆరిపోవాల్సిన ఆ చిటికెడు ముద్ద, చీకట్లోనే పెరిగి నేరేడు పండంత నల్లగా నిగనిగలాడుతోంది.

ఇంకోసారి మార్చి పెట్టినా అంతే. మేము వెతికింది వెలుతురు లేకుండా రంగు మొదలుపెట్టే కణాన్ని. దొరికింది ఒకసారి మొదలుపెట్టాక ఆపడం తెలియని కణం. "ఇక చాలు ఆపమని చెప్పే పెత్తందారు దీంట్లో లేడే," అంది అక్క. ఆ పూట వెలుతురు పడకపోతే దాని గుణం మాకు తెలిసేదే కాదు. బాబాయి మాత్రం బొట్టు ఎవరు పెట్టారనుకున్నారమ్మా అని ఏడాది పొడుగునా దెప్పుతూనే ఉన్నాడు.

అక్కకు పట్టా వచ్చింది. కానీ ఆ పెత్తందారు ఎవరో తేల్చే సాధనాలు ఆనాడు మాకు లేవు. ఎవరో ఒకరు ఉండి తీరాలని రాసి అక్కడితో ముగించింది. తర్వాత నేను టీచరు ఉద్యోగానికి వెళ్లిపోయాను. ఒక రోహిణి కార్తె ఎండల్లో ఏసీ ఆగిపోయి, ముద్దలన్నీ బూజు పట్టి పోయాయని అక్క ఫోనులో చెప్పినప్పుడు, ఇంట్లో మనిషి పోయినట్టే ఇద్దరం ఏడ్చుకున్నాం. పోయినేడు అక్క కూడా కన్నుమూసింది.

మా మేనకోడలు ఇప్పుడు ఇదే పనిలో ఉంది. వేల కణాల్లో ఒక్కో జన్యువు నోరూ నొక్కేసి, ఏ పెత్తందారు మాట ఎవరు వింటున్నారో మిషన్లతో చూసేస్తారట. "ఆ కణాలు ఇప్పుడుంటే ఇట్టే చెప్పేసేవాళ్లం అత్తా," అంది. సంతోషమే. కానీ చెబితే వినాల్సిన మనిషేదీ?

మేనకోడలు ఆ మాట అన్న రాత్రి ఉండబట్టలేక, కుండీలో అప్పుడే కట్టిన పిందెకు నల్లకాగితం చుట్టాను. అది కాయయ్యాక నిన్న విప్పి చూశాను. చుట్టూ ఉన్నవన్నీ ఊదాగా ఉంటే, అదొక్కటే మన చేలో కాసే కాయలా పచ్చగా ఉంది. వెనక ఎవరూ లేరని తెలిసి కూడా, "పచ్చగానే ఉందక్కా," అన్నాను.